పద్నాలుగో నమూనా

మొదటి వారం

మబ్బువలసలో బస్సు దిగగానే చలి కొట్టింది. కింద మైదానంలో పొద్దెక్కితే వేడి సైరన్ మోగుతుంది, తలుపులన్నీ మూసుకుంటాయి. ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా ఆడవాళ్లు ఆరుబయట బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆ దృశ్యం చూస్తూ రోడ్డు మీద కాసేపు అలాగే నిలబడిపోయాను.

నా పేరు సుభాషిణి. మాట రాని పిల్లలకు మాట నేర్పడం నా పని. నేను పనిచేసిన చెవిటి పిల్లల బడి వేడికి మూతపడింది. ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలతో పనిచేసేవాళ్ల కోసం ఈ కొండ మీది కేంద్రం ఏడాది పాటు ఇచ్చే ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడితే వచ్చింది. శనివారం శనివారం కేంద్రానికి నివేదిక ఇవ్వాలి. ఇది ఆ నివేదిక కాదు, నాకోసం రాసుకుంటున్నది.

మా శిక్షకుడు డాక్టర్ పరాంకుశం గారు. తెల్లని గడ్డం, మెత్తని గొంతు. మొదటి రోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"తప్పులు చేయకుండా ఎవరూ ఏదీ నేర్చుకోలేరు. పిల్లల మీద తప్పులు చేయకూడదు. అందుకని ఈ ఏడాదంతా మీకు నమూనా పిల్లల్నే ఇస్తాం, యంత్రం సృష్టించే బొమ్మల్ని. మీరు ఏం చేసినా వాళ్లకు ఏమీ కాదు. ధైర్యంగా చేయండి."

ఒక పొడవాటి గదిలో వరసగా అరలు. ఒక్కో అరలో ఒక కుర్చీ, పెద్ద కళ్లజోడు, మోచేతుల దాకా వచ్చే చేతొడుగులు. కళ్లజోడు పెట్టుకుంటే తెల్లని గదిలో ఒక పిల్ల కనిపిస్తుంది. చేతులు చాపితే ఆ పిల్ల చెయ్యి మన చేతికి తగులుతుంది. వెచ్చగా కూడా ఉంటుంది. ముఖం మాత్రం బొమ్మ ముఖం, మైనంతో చేసినట్టు నున్నగా ఉంటుంది. నాకు ఇచ్చింది పద్నాలుగో నమూనా, ఆరేళ్ల ఆడపిల్ల. ఆటిజం, మాట లేదు. పేర్లు పెట్టకూడదన్నది ఇక్కడి నియమం.

కుడిపాదం కింద ఒక మీట ఉంటుంది. దాన్ని 'మొదటికి' అంటారు. నమూనా మరీ మొండికేస్తే, మనకు చెయ్యి దాటిపోతే, ఆ మీట తొక్కాలి. కళ్లజోడు తెల్లబడుతుంది. లేచి టీ తాగి వచ్చేసరికి నమూనా మళ్లీ మొదటి స్థితికి వచ్చి ఉంటుంది.

మొదటి రోజు నేను చెయ్యి పట్టుకోగానే పద్నాలుగు గుక్కపట్టి ఏడ్చింది. తలను గోడకేసి కొట్టుకోబోయింది. మీట తొక్కాను. తిరిగొచ్చేసరికి గోడకు ఆనుకుని నిశ్శబ్దంగా కూర్చుంది. అంతకు ముందు ఏమీ జరగనట్టే ఉంది. చెప్పొద్దూ, గుండెల మీంచి బరువు దిగింది.

మూడో వారం

నా గదిలో ఉండే అమ్మాయి పేరు రెహానా. కండరాలు బిగుసుకుపోయే పిల్లలకు నడక నేర్పే పని ఆమెది. నన్ను అక్కా అంటుంది. ఆమె తమ్ముళ్లిద్దరూ ఇంకా మైదానంలోనే ఉన్నారు. ఫెలోషిప్ పూర్తయితే వాళ్లకు కొండ మీద ఉండే అనుమతి వస్తుంది. అందుకే పొద్దున్న గంట కొట్టకముందే వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది.

ఈ వారం నేర్పిన పద్ధతి 'అడిగేదాకా ఆగు'. నీళ్ల బొమ్మ ఉన్న కార్డు పిల్ల ముందు పెట్టి, "నీళ్లు కావాలా?" అని అడగాలి. పిల్ల వేలితో బొమ్మను చూపించాకే నీళ్లు ఇవ్వాలి. పద్నాలుగు చూపించలేదు. గ్లాసు కోసం నా చెయ్యి లాగింది, తర్వాత గిల్లింది, తర్వాత నేల మీద పడుకుంది. ఆ ఉదయమంతా అలాగే గడిచింది. మధ్యాహ్నానికి నాకు మనసొప్పలేదు. పరాంకుశం గారిని పిలిచాను.

"ఇచ్చేయనా సార్? పెదాలు తడుపుకుంటోంది."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నవ్వారు. "నమూనాకి దాహం వేయదమ్మా. జాలి మంచిదే కానీ, అది పిల్లని అక్కడే ఆపేస్తుంది. ఇంకాసేపు చూడండి."

ఇంకాసేపటికి పద్నాలుగు లేచి కూర్చుంది. చూపుడువేలు వణుకుతూ వచ్చి కార్డు మీద ఆనింది. గ్లాసు ఇవ్వగానే గటగటా తాగేసి, గౌను మీద ఒలకబోసుకుని, ఎక్కిళ్లు పెట్టింది. నాకు మెప్పు వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర రెహానాతో, "ఎక్కిళ్లు కూడా పెట్టారు, ఎంత శ్రద్ధగా తయారుచేశారో" అని నవ్వాను కూడా.

ఏడో వారం

పద్నాలుగులో ఏదో లోపం వచ్చింది.

ఇదివరకు నేను కళ్లజోడు పెట్టుకునేసరికే గదంతా తిరుగుతూ ఉండేది. ఇప్పుడు సగం పొద్దు దాకా మత్తుగా కూర్చుంటుంది. మెడ నిలపదు, నోటి చివర చొంగ కారుతుంది. నేర్చుకున్న మూడు కార్డుల్లో రెండు మరిచిపోయింది. యంత్రాలు చూసే విభాగానికి ఫిర్యాదు పంపాను. 'నమూనా పనితీరు మామూలుగానే ఉంది' అని జవాబు వచ్చింది.

రెహానా చూసే పిల్లవాడూ మందకొడిగానే ఉన్నాడట. "మనం మీట ఎక్కువగా తొక్కుతున్నామేమో అక్కా, లోపల ఏదైనా వేడెక్కిపోతోందేమో" అంది. సబబుగానే తోచింది. అప్పటినుంచి మీట తొక్కడం తగ్గించాను. ఏడ్చినప్పుడు పక్కన కూర్చుని ఊరుకున్నాను. నిన్న పద్నాలుగు ఏడ్చి ఏడ్చి, అలిసిపోయి, తన అరచేతిని నా చేతొడుగు మీద బోర్లించి పెట్టింది. ముక్కుతో సన్నగా ఒక రాగం తీసింది. మేం నేర్పిన పాఠాల్లో ఆ రాగం ఎక్కడా లేదు.

తొమ్మిదో వారం

నోళ్లు చూడటం నా వృత్తి. నాలుక ఎక్కడ ఆనుతోంది, పెదవి ఎలా కదులుతోంది, పళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ముందు చూస్తాను. సోమవారం పద్నాలుగు నోట్లో వేలు పెట్టుకుని కింది పన్ను కదిలిస్తోంది. పాలపన్ను. గురువారానికి అక్కడ పన్ను లేదు. చిగుళ్ల మీద చిన్న గుంట, దాని చుట్టూ ఎర్రన. బొమ్మ ముఖం ఎప్పటిలాగే నున్నగా ఉంది, నోటి లోపల మాత్రం అంతా వేరుగా ఉంది.

పరాంకుశం గారికి చెప్పాను. ఆయన టేబుల్ మీది కాగితాలను సర్దారు.

"చాలా మంచి నమూనా అది" అన్నారు.



పదకొండో వారం

తీరంలో తుపాను. కొండ మీదా గాలి వీస్తోంది కానీ పని ఆపలేదు. కళ్లజోడులో బొమ్మ రెండుసార్లు వణికింది. మూడోసారి తెల్లని గది మాయమైంది.

ఎక్కువసేపు కాదు, రెండు మూడు ఊపిరులు తీసుకున్నంతసేపు. చెమ్మ పట్టిన పొడవాటి రేకుల షెడ్డు. నేల మీద నీళ్లు. వరసగా ఇనుప మంచాలు, మంచం మంచానికి ఒక పిల్ల. ఒక్కో మంచం పక్కన ఇనుప చేతుల యంత్రం ఒకటి. నా ఎదురుగా కత్తెరతో గుండుకు దగ్గరగా జుట్టు కత్తిరించిన పిల్ల, నల్లని బక్క ముఖం, మోచేతుల నిండా దోమకాట్లు. నోరు తెరిచి ఏడుస్తోంది. కింది వరసలో ఒక పన్ను లేదు. ఆమె భుజం పట్టుకుని ఉన్న ఇనుప వేళ్లు నా వేళ్లతోపాటే కదిలాయి.

తర్వాత బొమ్మ ముఖం మళ్లీ వచ్చి కూర్చుంది.

చేతొడుగులు తీసేసి బయటికి వచ్చి వరండా కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కున్నాను.

అదే వారం, గురువారం

పరాంకుశం గారి ఇంటికి పొద్దున్నే వెళ్లాను. వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. నా ముఖం చూసి, చెంబు కింద పెట్టి, లోపలికెళ్లి రెండు గ్లాసుల కాఫీ తెచ్చారు.

"తుపానులో ఏదో ఒకటి కనిపిస్తుందని అనుకున్నాను. కూర్చోండమ్మా" అన్నారు.

"వాళ్లెవరు సార్?"

"తీరం ఖాళీ చేయించినప్పుడు పనిచేయగలిగినవాళ్లకే కొండ మీద ఇళ్లు ఇచ్చారు. ఇలాంటి పిల్లలున్నవాళ్లు, మళ్లీ వస్తామని వదిలి వెళ్లారు. వచ్చినవాళ్లు తక్కువ. కళింగరేవులో పాత చేపల మార్కెట్ షెడ్డులో ఉంచాం. ఆ వేడిలో పనిచేయడానికి ఒక్క నర్సు కూడా ఒప్పుకోలేదు. అందుకని యంత్రాలు పెట్టాం. వాటిని ఆడించడానికి మనుషులు కావాలి కదా."

"మాకు నిజం ఎందుకు చెప్పలేదు?"

"మొదటి జట్టుకు చెప్పారు. చేతులు వణికాయి. సగంమంది మధ్యలోనే వెళ్లిపోయారు. పిల్లలు మంచాల మీదే ఉండిపోయారు. నమూనా అనుకున్నవాళ్లు ధైర్యంగా పనిచేశారు, పిల్లలు నడిచారు, తిన్నారు. మీ పద్నాలుగు కార్డు చూపించడం నేర్చుకుంది. అబద్ధమా?"

కాఫీ చల్లారిపోయింది. అడగడానికి భయం వేసింది కానీ అడిగాను.

"ఆ మీట తొక్కితే ఏమవుతుంది?"

"యంత్రం వాళ్ల ముక్కులోకి మందు కొడుతుంది. నిద్ర మందు. అపాయం లేనిదే."

"రోజుకు ఎన్నిసార్లయినా అపాయం లేదా?"

ఆయన మొక్కల వైపు చూశారు. "ప్రతి ఏడూ మీలాగా ఒకరు నా దగ్గరికి వస్తారు. ఒక ఏడు నేనే మీలాగా మా శిక్షకుడి దగ్గరికి వెళ్లాను. అందరం శిక్షణ పూర్తిచేశాం. మీరు వెళ్లిపోతే పద్నాలుగును ఏమీ తెలియనివాళ్లకు ఇస్తారు. ఉంటే కనీసం తెలిసిన చెయ్యి ఉంటుంది. ఆలోచించుకోండి."

కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. మనవరాలికి చెప్పినట్టు చెప్పారు.

పన్నెండో వారం

వెళ్లిపోలేదు. తెలిసిన చెయ్యి ఉండాలన్న మాట నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ వారమంతా మీట ముట్టుకోలేదు. నీళ్లు అడగకముందే ఇచ్చాను. జుట్టు లేని ఆ చిన్న తలను ఇనుప వేళ్లతో నిమిరాను. అవి చల్లగా ఉంటాయో వెచ్చగా ఉంటాయో నాకు తెలియదు. వెచ్చదనం నా వైపుకే వస్తుంది. బొమ్మ ముఖం చూడలేక కళ్లు మూసుకుని పనిచేశాను.

రెహానాకు చెప్పబోయాను. బట్టలు మడతపెడుతోంది. తుపాను మాట ఎత్తగానే చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకు చెప్పకు అక్కా."

"నీకు తెలుసా?"

"తెలీదు. తెలుసుకోను. నా తమ్ముళ్లు ఇంకా కిందే ఉన్నారు. నువ్వు చెప్పావంటే రేపు నేను ఆ కుర్చీలో కూర్చోలేను. దండం పెడతాను, చెప్పకు."

చొక్కా మడత పూర్తయ్యాక కూడా దాన్ని అరచేతులతో నొక్కుతూనే ఉంది. నేను లైటు తీసి పడుకున్నాను.

శుక్రవారం నోటీసు వచ్చింది. నేను సూచించిన పద్ధతులు పాటించడం లేదట. సోమవారం నుంచి నాకు వేరే నమూనా. పద్నాలుగును కొత్తగా చేరిన ఫెలోకి అప్పగిస్తున్నారు. ఆ అబ్బాయిని మెస్సులో చూశాను. ఉత్సాహంగా ఉన్నాడు. "మీట ఉంది కదండీ, భయం ఎందుకు?" అంటున్నాడు పక్కవాళ్లతో.

ఆదివారం సరుకులు దించి కిందికి వెళ్లే లారీ ఎక్కాను.

కళింగరేవు, ఆదివారం

పొద్దు వాలాక లారీ నన్ను రోడ్డు మీద దింపింది. షెడ్డు దాకా నడిచేసరికి చెప్పులు తారుకు అతుక్కుపోయాయి. తలుపు దగ్గర ఒక పెద్దావిడ అన్నం గిన్నెలు కడుగుతోంది. ఆమె పేరు ఆదెమ్మ. పిల్లలు కాక ఇక్కడున్న మనిషి ఆమె ఒక్కతే.

"ఎవలమ్మా నువ్వు? ఈ ఉక్కలో ఎలాగొచ్చినావు? మిషన్లు బాగుసేయడానికా?"

"కాదమ్మా. పిల్లల్ని చూడ్డానికి వచ్చాను."

ఆమె చేతులు తుడుచుకుంటూ నన్ను పైకీ కిందికీ చూసింది. "పిల్లల్ని సూడ్డానికి ఎవలూ రారు. మిషన్లని సూడ్డానికే వత్తారు."

లోపల నలభై మంచాలు ఉంటాయి. మూత్రం వాసన, దాని మీద ఫినాయిల్ వాసన. యంత్రాలు చేతులు వేలాడేసుకుని ఉన్నాయి. పద్నాలుగు అని రాసిన మంచం దగ్గర ఆగాను. నేను ముట్టుకోలేదు, దూరంగా నేల మీద కూర్చున్నాను. పిల్ల నా వైపు చూడలేదు, దుప్పటి అంచు నములుతోంది.

"ఈ పాప పేరేంటి?"

"పైడితల్లి. ఆల్ల నాయన పడవ మీద ఎల్లేవోడు. అమ్మ వత్తానని సెప్పి ఎల్లింది."

నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "నీళ్లు కావాలా?"

దుప్పటి నోట్లోంచి జారింది. పైడితల్లి ఒళ్లు బిగుసుకుంది. కళ్లు ఎటో చూస్తున్నాయి కానీ కుడి చెయ్యి లేచింది. చూపుడువేలు గాలిలోకి చాచి, అక్కడ లేని కార్డును పొడిచింది. మళ్లీ పొడిచింది. గ్లాసు పెదాలకు అందేదాకా ఆ వేలు దించలేదు.

ఆదెమ్మ అది చూసింది. "నీ గొంతు ఆ మిషన్లో ఇన్నాను" అంది. చాప తెచ్చి నా పక్కన వేసింది.

కళింగరేవు, సోమవారం

తెల్లవారాక ఆదెమ్మతో మాట్లాడాను. మందు బుడ్డీలు యంత్రాల మణికట్టు దగ్గర ఒక చిన్న అరలో ఉంటాయి. వాటి తాళంచెవి ఆమె బొడ్లో ఉంది.

"తీసేత్తే అందరూ ఒక్కపాలి ఏడుత్తారు" అంది. "నానొక్కదాన్ని. ఆ మందు కొడితేనే నాకు నడుం వాల్చడానికయ్యేది. అబద్ధం సెప్పకూడదు కదా."

"ఇప్పుడు ఇద్దరం ఉన్నాం."

"ఎన్నాళ్లుంతావు నువ్వు?"

తెలియదన్నాను. సాయంత్రం చల్లబడ్డాక కొండ మీంచి ఎవరో ఒకరు వస్తారు, బుడ్డీలూ తెస్తారు. నన్ను తీసుకుపోతారో ఏం చేస్తారో తెలియదు. ఈ ఒక్క పగలు మాత్రం వేడి సైరన్ మోగాక ఏ వాహనమూ కదలదు. ఆ మాటే చెప్పాను.

ఆదెమ్మ మంచాల వైపు చూసింది. అందరికంటే చిన్నవాడు ఒకడు కళ్లు సగం తెరిచి పడుకుని ఉన్నాడు, ఈగ వాలినా రెప్ప కొట్టలేదు. ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఇద్దరం కలిసి వరసగా విప్పుకుంటూ వెళ్లాం. బుడ్డీలన్నీ ఆమె గంపలో వేసుకుని తీసుకెళ్లి సముద్రంలో పోసి వచ్చింది.

సైరన్ మోగింది. కాసేపటికి యంత్రాలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. కొండ మీద, చల్లని గదిలో, అందరూ కళ్లజోళ్లు పెట్టుకున్నారన్నమాట.

పైడితల్లి యంత్రం వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిది, కొత్త చెయ్యి. పిల్ల కెవ్వుమంది. నేను మధ్యకు వెళ్లి, యంత్రం కళ్లలోకి చూస్తూ చెప్పాను. "బాబూ, ఈ పిల్ల నమూనా కాదు. ఈమె పేరు పైడితల్లి. చెయ్యి వదులు." యంత్రం ఆగింది. ఆ అబ్బాయికి నేను కనిపించి ఉంటాను, నున్నటి ముఖంతో, తెల్లని గదిలోకి చొరబడ్డ ఒక పెద్ద బొమ్మలాగా. నా మాటలు వాడికి చేరాయో లేదో.

దాని మణికట్టులో టిక్కుమంది. మీట తొక్కాడు. మందు రాలేదు. మళ్లీ టిక్కుమంది.

ఒక పిల్ల ఏడుపు విని పక్క పిల్ల, ఆ పిల్లను చూసి ఇంకో పిల్ల. షెడ్డు షెడ్డంతా ఏడుపు. నెలల తరబడి మధ్యలోనే ఆగిపోయిన ఏడుపులన్నీ పూర్తిగా బయటికి వస్తున్నాయి. రేకులు అదిరాయి. ఆ మోతలో కూడా నలువైపులా టిక్కు టిక్కుమన్న శబ్దం వినిపిస్తూనే ఉంది. కళ్లజోడు తెల్లబడి మళ్లీ మామూలయ్యేసరికి పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంటే, వాళ్లు తొక్కుతున్నారు, ఆగి మళ్లీ తొక్కుతున్నారు. వాళ్ల మీద కోపం రాలేదు. మొదటి రోజు నేనూ అంతే చేశాను.

ఆదెమ్మ ఇద్దర్ని ఒళ్లో వేసుకుని, మూడోవాణ్ణి కాలితో ఊపుతోంది. నేను పైడితల్లిని ఎత్తుకున్నాను. నన్ను రక్కింది, భుజం కొరికింది. రక్తం వచ్చింది. దించలేదు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కిటికీ పక్క మంచం దగ్గర, కాళ్లు బిగుసుకుపోయిన ఒక పిల్లవాడి యంత్రంలో టిక్కుమనడం ఆగింది. నేను తల తిప్పి చూశాను. ఆ యంత్రం పిల్లవాణ్ణి నిలబెట్టడానికి పట్టుకున్న చేతులను మెల్లగా వదిలింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఇనుప మోకాళ్లు మడిచి నేల మీద కూర్చుంది. ఒక చెయ్యి వెల్లకిలా చాచి మంచం అంచున పెట్టింది.

కొండ మీద ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో, వాళ్లకు ఎంత తెలిసిందో నాకు తెలియదు. మిగతా యంత్రాల్లో టిక్కుమంటూనే ఉంది.

ఆ పిల్లవాడు ఏడుపు ఆపలేదు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు.